వీపులు చూసే ఆయా

పూతలపట్టు కూడలిలో తిరుపతి బస్సు కోసం నిలబడి ఉండగా ఆ మాట విన్నాను. చెప్పినవాడు ఒకప్పుడు మా ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్న మనిషి. ఇప్పుడు ఆ కూడలిలోనే చిన్న మందుల అంగడి పెట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టి, కూర్చోమని బల్ల చూపించి, ఒంట్లో ఎట్లా ఉందని అడిగాడు. ఆసుపత్రిలో పాతవాళ్ళు ఎవరెవరు ఎక్కడున్నారో చెబుతూ చెబుతూ, “ఎక్స్‌రే గది ఆయా పోయిందమ్మా, మూడు వారాలైంది” అన్నాడు. అని, అంగడికి వచ్చిన మనిషికి జ్వరం మందు పొట్లం కట్టడంలో పడ్డాడు.

తిరుపతి బస్సు వచ్చింది, వెళ్ళింది. నేను బల్ల మీదే కూర్చుండిపోయాను.

ఆమె పేరు నాకు తెలుసు. కానీ ఆ ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. ఆమె కూడా ఎవరినీ పేరుతో పిలిచేది కాదు. ఆడవాళ్ళ వార్డులో ఉన్న రోగులందరూ ఆమెకు ఊళ్ళే. పీలేరు ఈ పొద్దు అన్నం తినలేదనీ, పలమనేరు లేచి పది అడుగులు నడిచిందనీ, మదనపల్లె మొగుడు వచ్చి పోయినప్పట్నుంచీ ఏడుస్తూ ఉందనీ నర్సులతో చెప్పేది. నేను చిత్తూరమ్మను. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా ఆమె పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆయా అనే రాస్తాను.

అవి యుద్ధం రోజులు. నేను చిత్తూరులో ఆడపిల్లల బడిలో పంతులమ్మగా ఉండేదాన్ని. ఒకరోజు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ దగ్గాను. కొంగు మీద రక్తం పడింది. నెల తిరిగేలోపల మా ఆయన నన్ను కొండ పక్కనున్న ఆ క్షయ ఆసుపత్రిలో చేర్చి, ఆదివారం ఆదివారం వస్తానని చెప్పి వెళ్ళాడు. ఆయన కోర్టులో గుమాస్తా.

అప్పట్లో ఆ జబ్బుకు మందంటూ లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, కదలకుండా పడక. వీటితో పాటు కొందరికి ‘గాలి పెట్టేవాళ్ళు’. పక్కటెముకల సందున సూది గుచ్చి, ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కిస్తారు. ఆ ఒత్తిడికి జబ్బుపడిన ఊపిరితిత్తి ముడుచుకుని పని మానుకుంటుంది. పని మానుకుంటే లోపలి పుండు మానుతుంది. ఎక్కించిన గాలి కొన్నాళ్ళకు ఇంకిపోతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ పెట్టాలి. పెట్టే ముందొకసారి, పెట్టాక ఒకసారి, ఊపిరితిత్తి ఎంత ముడుచుకుందో ఎక్స్‌రే తెర మీద చూడాలి. అందుకోసమే ఆ చీకటి గది.

కిటికీలకు, తలుపుకు నల్లగుడ్డ కొట్టి ఉండేది. డాక్టరు లోపలికి వచ్చే ముందు చాలాసేపు ఎర్ర కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగేవాడు. లేకపోతే ఆ చీకట్లో తెర మీది బొమ్మ కంటికి ఆనదట. రోగి తెరకు రొమ్ము ఆనించి, వీపు యంత్రం వైపు పెట్టి నిలబడాలి. డాక్టరు తెరకు ఇవతల కూర్చుని కాలితో మీట నొక్కుతాడు. యంత్రం రొద పెడుతుంది. తెర మీద లేత పచ్చ వెలుగు పలకలాగా నాలుగు మూలలతో పుడుతుంది. ఆ పలకలో నా ఎముకలు, నా గుండె కొట్టుకోవడం ఆయన చూస్తాడు. నాకు ఏమీ తెలియదు. నొప్పి లేదు, వేడి లేదు.

మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళినప్పుడు గడప దగ్గరే ఆగిపోయాను. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి నా మోచేయి పట్టుకుంది. “బయపడాకమ్మా, వాడు గొణుగుతాడు, అంతే” అంది ఆమె. యంత్రాన్ని ఆమె ఎప్పుడూ వాడు అనే అనేది, ఇంట్లో పని చెయ్యని మగవాణ్ణి అన్నట్టు. తెర చట్రం చలికాలంలో ఐసులాగా ఉండేది. నేను ఆనుకునే ముందు దాని మీద తన రెండు అరచేతులూ కాసేపు పెట్టి ఉంచి, అప్పుడు నన్ను నిలబెట్టింది. ఆ తర్వాత నా పక్కన నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి, నోట్లో ఏదో గొణుక్కోవడం మొదలుపెట్టింది. డాక్టరుకు కిరణాలు తగలకుండా సీసపు తొడుగు ఉండేది. ఆయాకు లేదు.

విని విని నాకు ఆ గొణుగుడు ఏమిటో అర్థమైంది. అది పరలోక ప్రార్థన. ఆమె క్రైస్తవురాలు. అంతటి భక్తురాలేమో అనుకున్నాను. ఒక పద్ధతిలో, తొందర లేకుండా, ప్రతిసారీ ఒకే వేగంతో చెప్పేది. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. ఆరుసార్లు అయ్యాక గొంతు సవరించుకుని, “ఆరైందయ్యా” అనేది. డాక్టరు కాలు తీసేసేవాడు. యంత్రం ఆగిపోయేది.

అది భక్తి మాత్రమే కాదని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. చీకట్లో గడియారం కనబడదు. బొమ్మ చూడటంలో పడ్డ డాక్టరుకు ఎంతసేపైందో తెలియదు. ఆమె ఆ ప్రార్థనతో నిమిషాలు కొలుస్తూ ఉండింది. ఒకసారి నేనే అడిగాను, దేవుడి మాటను ఇట్లా వాడుకోవచ్చునా అని. ఆమె నవ్వలేదు. “ఆయనకి తెలీదా ఏందమ్మా, దేనికి సెప్తా ఉండానో” అంది.

ఆమెకున్న ఇంకో అలవాటు మాకు ఇంకా వింతగా ఉండేది. ప్రతి శుక్రవారం ఉదయం, గాలి పెట్టించుకునే ఆడవాళ్ళనందరినీ తూర్పు వరండాలో బల్ల మీద వరసగా కూర్చోబెట్టేది. ముందు తువ్వాలు కప్పుకుని, రవికె వదులు చేసి, వీపులు ఎండకు పెట్టాలి. ఆమె ఒక్కొక్కరి వెనక వంగి చూసేది. వేళ్ళ వెనక వైపుతో తాకేది, వేడి అక్కడే బాగా తెలుస్తుందని. బొటనవేలితో ఒకచోట నొక్కి, తీసి, ఆ చోటు తెల్లబడి మళ్ళీ రంగు రావడం చూసేది. ఎవరి వీపైనా కొంచెం ఎర్రగా కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళి, పీలేరుకు ఈ వారం తెర వద్దయ్యా అని చెప్పేది. ఆ డాక్టరు కుర్రవాడు, మదరాసు నుంచి వచ్చినవాడు. మంచివాడు. చాలాసార్లు ఆమె మాట వినేవాడు, కొంత వేడుకగా, కొంత గౌరవంగా.

నాకు సిగ్గుగా ఉండేది. మా అమ్మ తర్వాత నా వీపు ఎవరూ అట్లా పట్టి పట్టి చూసింది లేదు. ఒక శుక్రవారం విసుక్కున్నాను కూడా, నాకేం పుండు ఉందని వారం వారం ఈ తనిఖీ అని.

“నీ ఈపు నీకు కనబడదు గదమ్మా” అంది ఆయా. “డాక్టరయ్య ముందర పక్క సూస్తాడు. ఎనక పక్క సూసేదానికి ఒక మనిసి ఉండల్ల.”

ఆ రోజు మిగతావాళ్ళు లేచి వెళ్ళాక నన్ను అక్కడే కూర్చోబెట్టి, తడమ్మ సంగతి చెప్పింది.

నేను రాకముందు, మా కుర్ర డాక్టరు కూడా రాకముందు, తడ నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరింది. సగం అరవం, సగం తెలుగు మాట్లాడేది. ఆమెకు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఆ నీరు ఎక్కడ ఉందో చూసి సూది వెయ్యడం కోసం అప్పటి డాక్టరు ఆమెను ఒకే వారంలో చాలాసార్లు తెర వెనక నిలబెట్టాడు, నిలబెట్టిన ప్రతిసారీ చాలాసేపు. నీరు దిగింది. జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్ని వారాలకు వీపు ఎర్రబడింది, పొక్కింది, పుండైంది. అప్పుడు ఆయా వార్డులో పని చేసేది. చలికి వణికేవాళ్ళకు వేడినీళ్ళ రబ్బరు సంచి పెట్టడం ఆమె పనే. కాగే నీళ్ళు పోసి ఆయా కాల్చేసిందని డాక్టరు తేల్చేశాడు. తడమ్మను అడిగితే ఆమె కూడా అవునంది.

సంచి పెట్టేముందు తన చెంపకు ఆనించుకుని చూసుకోకుండా ఏ రోజూ పెట్టలేదని ఆయా నాతో చెప్పింది. ఆ మాట అప్పుడు ఎవరితో చెప్పుకున్నా వినలేదు. ఆమెను వార్డు నుంచి తీసి, చీకటి గది ఊడ్చే పనికి వేశారు. అయినా తడమ్మ పుండుకు కట్టు మార్చడానికి మాత్రం ఆమే వెళ్ళేది, ఇంకెవరు చేసినా ఆ పిల్ల నొప్పికి కేకలు పెట్టేదని. ఏడాదికి పైగా మార్చింది. ఆ ఏడాదిలో ఆ పిల్ల ఆమె ముఖంలోకి సరిగ్గా చూసింది లేదు.

“ఒక దినం చీకటి గదిలో మూల నిలబడుకోని ఉండాను” అంది ఆయా. “వాడు గొణిగినాడు. తెర మింద ఎలుగు వచ్చింది. నాలుగు మూలల ఎలుగు. నేను దినామూ కడిగే పుండు నా కండ్ల ముందరికొచ్చింది. అది గుడక అట్లనే, కత్తితో కోసినట్టు నాలుగు మూలలు. రబ్బరు సంచికి అట్లాంటి మూలలు యాడుంటాయమ్మా?”

ఆ సంగతి అప్పటి డాక్టరుతో చెబితే ఆయన నవ్వి, నువ్వు ఊడ్చే పని చూసుకో అన్నాడట. అప్పట్నుంచి ఆమె ప్రార్థన లెక్కపెట్టడం మొదలుపెట్టింది. శుక్రవారం వీపులు చూడటం మొదలుపెట్టింది. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ వద్దని కూడా అనలేదు. తడమ్మ నయమై ఊరికి పోయేటప్పుడు ఈమెతో చెప్పకుండా పోయింది. “నేనే కాల్సినానని అనుకోని పోయింది ఆ బిడ్డ” అని, లేచి తువ్వాళ్ళు మడిచి పెట్టుకుంది.

ఆ తర్వాత నెలన్నరకు అనుకుంటాను, బయటి ఊళ్ళ నుంచి నలుగురు డాక్టర్లు ఆసుపత్రి చూడటానికి వచ్చారు. నా ఊపిరితిత్తి ముడుచుకున్నా, రెండు చోట్ల మాత్రం దారాల్లాంటివి సాగి ఎముకల గోడకు అతుక్కుని ఉండేవట. అంత స్పష్టంగా కనబడటం అరుదు అని మా డాక్టరు నాతో సంతోషంగా చెప్పాడు. వాళ్ళకు చూపిస్తాను, కొంచెం ఓపిక పట్టమ్మా అన్నాడు. నేను తల ఊపాను. నా ప్రాణం ఆయన చేతుల్లో ఉంది, కాదని ఎట్లా అంటాను.

చీకటి గదిలో ఐదుగురు డాక్టర్లు, నేను, ఆయా. తెర ముందు ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. ఊపిరి పీల్చమన్నారు, వదలమన్నారు, దగ్గమన్నారు. కొంచెం ఎడమకు తిరగమని మళ్ళీ వెనక్కు తిప్పారు. ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. ఆయా “ఆరైందయ్యా” అంది. మా డాక్టరు ఒక్క నిమిషం అన్నాడు. ఇంకొకరు కూర్చున్నారు. నా చెవి పక్కన ప్రార్థన సాగుతూనే ఉంది. “పన్నెండైందయ్యా.” యంత్రం ఆగలేదు. నేను తెర చట్రాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. “పద్దెనిమిదైందయ్యా.” ఆమె గొంతు మారింది. ఎవరో అదేమిటని అడిగితే మా డాక్టరు ఏదో చెప్పాడు, అందరూ నవ్వారు.

ఇంకా ఐదారు ప్రార్థనలు అయ్యాక నేను నా భుజం మీదున్న ఆమె చేతిని పట్టుకుని గట్టిగా గిల్లాను. నా వల్ల కాదు ఆయా, చాలనిపించు అని ఆమెకు మాత్రం వినబడేట్టు అన్నాను.

చెయ్యి నా భుజం మీద నుంచి పోయింది. నాలుగడుగుల చప్పుడు. మరుక్షణం కిటికీ నల్లగుడ్డ చిరిగిన శబ్దం, రెక్కలు బళ్ళున తెరుచుకోవడం. మధ్యాహ్నపు ఎండ గది నిండా పడింది. డాక్టర్లు చేతులతో కళ్ళు మూసుకున్నారు. తెర మీద బొమ్మ మాయమైంది. ఇంక ఆ పూట ఎవరికీ ఏదీ కనబడదు. ఆయా కిటికీ ముందు నిలబడి ఉంది, చేతిలో చిరిగిన గుడ్డ. “ఇరవై నాలుగు” అంది మా డాక్టరు వైపు చూసి. నేను కూలబడిపోతే వచ్చి ఎత్తుకుంది.

మరునాడు ఆసుపత్రికి పెద్ద అయిన దొరసానమ్మ నన్ను పిలిపించింది. ముసలావిడ, న్యాయంగా ఉండే మనిషి. పక్కన మా డాక్టరు తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. ఆయా తలుపు దగ్గర నిలబడి ఉంది. దొరసానమ్మ తన తెలుగులో మెల్లగా అడిగింది, నీకు అక్కడ నిలబడటం కష్టమైందా, ఆపమని నువ్వు అడిగావా అని.

అవునని ఒక్క మాట చాలు. నా నోట్లో ఉంది ఆ మాట. కానీ డాక్టరుకు కోపం వస్తే నాకు గాలి పెట్టడం మానేస్తే ఏమౌతుందనిపించింది. పడక ఖాళీ చెయ్యమంటే ఏమౌతుందనిపించింది. ఆ పడక కోసం ఎంతమంది బయట ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు. “నాకేమీ కష్టం కాలేదమ్మా. ఆయా ఎందుకు తెరిచిందో నాకు తెలీదు” అన్నాను.

నేను ఆమె వైపు చూడలేదు. అడిగినదానికి ఆమె, పొరపాటైందమ్మా అని మాత్రం అంది. రోగుల గుడ్డలు ఉడకబెట్టే కొట్టానికి ఆమెను పంపించారు. వార్డు వరండాలో పడుకుని ఉంటే, తడిగుడ్డల గంప నెత్తిన పెట్టుకుని దూరంగా పోతూ కనబడేది. ఒకసారి నన్ను చూసి చెయ్యి ఎత్తింది. నేను నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాను.

శుక్రవారాలు వచ్చి పోయాయి. వరండాలో బల్ల ఖాళీగా ఉండేది. రెండు వారాలు దాటాక నా వీపు మీద నవ మొదలైంది. రవికె తగిలితే మంట. పక్క పడకలో ఉన్న పీలేరామెను చూడమంటే, చెమటకు పేలిందేమోనంది. కొత్త ఆయా సున్నిపిండి రుద్దుతానంది. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడోరోజు మెల్లగా నడిచి గుడ్డల కొట్టం దగ్గరికి వెళ్ళాను.

ఆమె నన్ను చూసి, చేతులు చీరకు తుడుచుకుని, పొగలోంచి బయటికి వచ్చింది. నేనేదో చెప్పబోతే వినకుండా ఎండలోకి తిప్పి, రవికె జరిపి చూసింది. వేళ్ళ వెనక వైపు ఆనించింది. బొటనవేలితో నొక్కింది.

“నాలుగు మూలలూ ఉండాయి” అంది చివరికి. “రుద్దాకు. సబ్బు పెట్టాకు. ఎవరు కాపడం పెడతామన్నా పెట్టించుకోవాకు.” అని, ఆ తడి చేతులతోనే డాక్టరు గది వైపు నడిచింది.

తడమ్మ సంగతి ఆమె నోట విని డాక్టరు వచ్చాడు. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి నా వెనక కూర్చున్నాడు. ఆయన ముఖం నాకు కనబడలేదు. కొలతబద్ద చర్మానికి తగిలినట్టు తెలిసింది. ఆ తర్వాత, తడ అమ్మాయిది కూడా ఇట్లాగే ఉండేదా అని ఆయాను అడిగాడు.

“ఇట్లనే మొదులైంది అయ్యా. అది పుండైపోయింది. ఇది పుండు కాదు. తోలు లేసిపోయి మానిపోతాది. ఇంక కొన్నాళ్ళు ఈయమ్మను తెర ఎనకాల నిలబెట్టకుండా ఉంటే.”

ఆయన సరేనన్నాడు. లేచి నా ఎదురుగా వచ్చి క్షమించమని అడిగాడు. అంత చదువుకున్నవాడు నన్ను అట్లా అడుగుతుంటే నేను ఏడ్చాను. ఆ ఏడుపు ఆయన కోసం కాదు. తలుపు దగ్గర నిలబడి ఉన్న మనిషి నన్నేమీ అడగడం లేదని.

ఆ తర్వాత చీకట్లో వెలిగే అంకెలున్న గడియారం ఒకటి చీకటి గదికి వచ్చింది. ప్రతి రోగి కాగితంలో తెర వెనక ఎన్ని నిమిషాలు నిలబడిందీ రాయడం మొదలైంది. డాక్టరే పట్టుబట్టి ఆయాను మళ్ళీ ఆ గదికి తెప్పించాడు. గడియారం వచ్చినా ఆమె ప్రార్థన మానలేదు. గడియారం ఆగిపోతే ఎవరు చెబుతారని నాతో అంది.

ఆమె డాక్టరును అడిగింది ఒక్కటే. తడమ్మకు ఆసుపత్రి కాగితం మీద ఒక జాబు రాయమని. నిన్ను కాల్చింది సంచి కాదు, యంత్రం అని. ఆయన రాస్తానన్నాడు. దొరసానమ్మతో మాట్లాడాలన్నాడు. పాత డాక్టరు ఇంకా పెద్ద హోదాలో ఉన్నాడు, కొంచెం చూడాలి అన్నాడు. వారాలు గడిచాయి. ఆ తర్వాత ఆయనకు సైన్యంలో వైద్యుడిగా పిలుపు వచ్చింది. వెళ్ళే రోజు అందరి పడకల దగ్గరికీ వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆయా గేటు దాకా ఆయన పెట్టె మోసింది. జాబు మాట ఆమె ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

నేను రాస్తానన్నాను. “నువ్వు రాస్తే నీ మాట అవుతాది, ఆస్పత్రి మాట కాదు గదమ్మా” అంది. కొన్ని నెలలకు నాకు నయమై ఇంటికి బయలుదేరినప్పుడు మాత్రం, “ఎప్పుడన్నా ఆ పక్కకి పోతే సెప్పు” అంది.

పోవడానికి ఏడాది పట్టింది. మా ఆయనను ఒప్పించి, చిత్తూరులో రైలెక్కి గూడూరులో దిగి, అక్కణ్నుంచి మదరాసు బండిలో తడ చేరాం. అడుగుతూ పోతే కాలువ గట్టున తాటాకు ఇల్లు చూపించారు. తడమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతూ ఉంది. బాగా కోలుకుని, ఒళ్ళు చేసి ఉంది. ఆసుపత్రి పేరు చెప్పగానే లోపలికి పిలిచి చాప వేసింది. వంగినప్పుడు రవికె పైన ఆరిన పుండు మచ్చ కనబడింది. మా ఆయన బయటే నిలబడ్డాడు.

నేను చెప్పవలసింది చెప్పాను. వెలుగు సంగతి, నాలుగు మూలల సంగతి, నా వీపు సంగతి. ఆమె వింటూ నేల మీద గీతలు గీసింది. తర్వాత నెమ్మదిగా అంది.

“నాకప్పుడే తెలుసక్కా. ఆ సంచి ఇతమైన వెచ్చనే. సుట్టిందే లేదు, కాల్చిందే లేదు. పెద్ద డాక్టరు వచ్చి, ఆయా కాగే సుడునీళ్ళు పోసింది గదా అన్నాడు. అవునన్నాను. కాదంటే పడక తీసేస్తారని బయం. ఆయమ్మ రోజూ వచ్చి కట్టు మార్చేది. ముఖం ఎట్లా చూసేది?”

ఆమెను అనడానికి నాకేం అర్హత ఉంది. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, లేచి వచ్చేశాను. రైలులో మా ఆయన ఏమందని అడిగితే, చెప్పేశానని మాత్రం చెప్పాను.

ఇది తీసుకుపోయి ఆయాకు ఎట్లా చెప్పాలో తెలియక నాలుగు నెలలు గడిపాను. ఆ పిల్ల నిజంగానే పొరబడిందని ఇన్నేళ్ళూ నమ్ముకుని ఉన్న మనిషి. తెలిసి అబద్ధం చెప్పిందని తెలిస్తే ఏమౌతుంది? ఆ పిల్లకు ఇప్పుడు అర్థమైంది, నీకు దండం పెట్టమంది అని చెబుదామని మాట కూర్చుకున్నాను. ఆసుపత్రికి వెళితే, ఆమె పని మానేసి రెండు నెలలైందనీ, పూతలపట్టు దగ్గర పల్లెలో చెల్లెలింట్లో ఉందనీ చెప్పారు. ఆమెకూ అదే జబ్బు వచ్చింది. ఊపిరితిత్తులు రెండూ చెడ్డాయి కాబట్టి గాలి పెట్టడానికి వీల్లేదట.

చిన్న గుడిసె. లోపల గోడ వారగా నులకమంచం మీద ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి, “చిత్తూరమ్మా” అంది. నేను దగ్గరగా పోబోతే చెయ్యి అడ్డం పెట్టి, గాలి వచ్చే తలుపు దగ్గర కూర్చోమంది. చెల్లెలు నాకు పీట వేసి బయటికి వెళ్ళింది.

కూర్చుకున్న మాట నోటికి రాలేదు. ఆమె ముందు ఇంకో అబద్ధం ఆడలేకపోయాను. తడలో జరిగింది జరిగినట్టు చెప్పాను, ఆ పిల్ల అన్న మాటలతో సహా. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక కూడా తెరవలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను.

“పుండు బాగా ఆరిందా?” అంది.

“ఆరింది ఆయా. మచ్చ ఉండాది.”

“ఎండాకాలం నవ పెడతా ఉందంటనా?”

అడగలేదన్నాను. అడిగింటే బాగుండు అంది. కాసేపటికి, “పాపం, బయపడింటాది” అంది. “పడకలో పండుకున్న మనిసికి కాదనేదానికి బలం యాడుంటాది.”

ఆ మాట ఎవరి గురించో నాకు తెలిసింది. పీట మీద నుంచి కిందికి దిగి కూర్చున్నాను. ఆ పొద్దు దొరసానమ్మ అడిగినప్పుడు నేను, అని మొదలుపెట్టాను. అంతకంటే ముందుకు పోలేదు.

“తెలుసులేమ్మా” అంది ఆయా. “నువ్వు గిల్లింది నాకు తెలుసు, నీకు తెలుసు. సాలు.”

దగ్గు వచ్చింది. ఆ దగ్గు నా వైపు రాకూడదని గోడ వైపుకు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. నేను లేచి దగ్గరికి వెళ్ళబోతే, తిరగకుండానే చేత్తో వద్దని చెప్పింది. దగ్గు తగ్గాక, పొద్దు గూకకముందే పో తల్లీ, బస్సు పోతాది అంది. నేను బస్సుకు వెళ్ళలేదు. ఆమె ఊపిరి నిదానమయ్యేదాకా ఆ తలుపు దగ్గరే కూర్చున్నాను. చెల్లెలు గంజి తీసుకుని వచ్చినప్పుడు, నేను ఇంకా అక్కడే ఉన్నానని ఆమెకు తెలియకూడదని, చెప్పులు చేతిలో పట్టుకుని బయటికి నడిచాను.